రూపాయికి 48

ఉత్తర సర్కారుల్లో చిల్లర కోసం ఈస్టిండియా కంపెనీ 1794లో ఒక రాగి నాణెం కొట్టించింది. రాజమహేంద్రవరం, ఏలూరు సర్కారులు రెండూ అందులోవే కనుక అది మన గోదావరి వాళ్ల నాణెం. ఒక వైపు కంపెనీ ముద్ర, సంవత్సరం. రెండో వైపు కంపెనీ లాంఛనం, దానితో పాటు ‘రూపాయికి 48’ అని ఇంగ్లిషులో రాత. దాన్ని కొట్టింది మద్రాసులోనూ కాదు, మచిలీపట్నంలోనూ కాదు. బర్మింగ్‌హామ్ పక్కన సోహోలో మాథ్యూ బౌల్టన్ నిలబెట్టిన ఆవిరి యంత్రం కొట్టింది.

ఇప్పుడు అదే ఏడాది నాణేలు రెండు పక్కపక్కన పెడితే, ఒకటి చౌకగా పోతుంది, రెండోది అనేక రెట్లు పలుకుతుంది. ఆ తేడాలో కొంత యంత్రం పనితనం, కొంత ఆ తర్వాత నాణెం పడిన పాట్లు.

అంతకు ముందు ఇక్కడ చెల్లిన రాగి డబ్బులు చేత్తో కొట్టినవి. కింది అచ్చు దిమ్మెలో బిగించి, దాని మీద రాగి ముక్క పెట్టి, పై అచ్చు పట్టుకొని సుత్తితో ఒక్క దెబ్బ వేసేవారు. ముక్క అచ్చు కంటే చిన్నది కావడంతో రాతలో సగం నాణెం మీదికి వచ్చేదే కాదు. బౌల్టన్ ఈ సుత్తి పనిని జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి అప్పగించాడు. 1788 నాటికి సోహో టంకశాల తయారైంది, 1790లో పేటెంటు వచ్చింది. దెబ్బ దెబ్బకూ బలం ఒకటే. బిళ్ల చుట్టూ ఉక్కు కట్టు ఉంటుంది కాబట్టి లోహం పక్కలకు పారిపోలేక అచ్చులోని ప్రతి గీతలోకీ దూరుతుంది.

ఆ ఒత్తిడికి లోహం నడుమ నుంచి అంచు వైపు పారుతుంది. పారిన దారిలో కంటికి ఆనని సన్నటి చారలు పడతాయి. కొత్త నాణేన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పితే కాంతి చక్రంలా తిరిగేది ఈ చారల వల్లే. సేకర్తలు లస్టర్ అనేది దీన్నే, ధరలో పెద్ద వాటా కూడా దీనిదే. జేబుల్లో, సంచుల్లో రాసుకుంటే ముందు పోయేవీ ఇవే.

ఇంట్లో పాత రాగి బిళ్ల దొరకగానే చింతపండు, ఉప్పు వేసి తోమడం మన వాళ్ల అలవాటు. దయచేసి ఆ పని చేయకండి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం పై పొరను కరిగిస్తుంది, పీచు రాపిడి చారలను చెరిపేస్తుంది. బిందె మెరిసినట్టే నాణెమూ మెరుస్తుంది, కానీ ఆ మెరుపులో చక్రం తిరగదు. అనుభవం ఉన్నవాళ్లు చూసిన వెంటనే పట్టేస్తారు. ఉప్పుతో ఇంకో చిక్కుంది. అందులోని క్లోరైడు రాగిలో నిలిచిపోతే, డెల్టా తేమకు పచ్చటి చిలుము మళ్లీ మళ్లీ లేచి లోహాన్ని తింటుంది.

ప్రూఫ్ అన్న మాటను చాలామంది గ్రేడు అనుకుంటారు. అది తయారీ పద్ధతి. అచ్చుకూ బిళ్లకూ మెరుగు పెట్టి, శ్రద్ధగా కొట్టి, చేత్తో జాగ్రత్తగా తీసినవి ప్రూఫులు. 1794 నాణేల్లోనూ ప్రూఫులున్నాయి, వాటిలో కొన్నిటికి బంగారు పూత కూడా ఉంది. ప్రూఫ్‌కు గీతలు పడితే ధర పడిపోతుంది, అయినా అది ప్రూఫే. ఇంకో తిరకాసు ఉంది. సోహో టంకశాల మూతపడ్డాక ఆ పాత అచ్చులు కొన్ని డబ్ల్యూ.జె. టేలర్ చేతికి వెళ్లాయి. అతను వాటితో మళ్లీ నాణేలు కొట్టాడు. అచ్చుకు తుప్పు పడితే అక్కడ గుంట పడుతుంది, నాణెం మీద అది ఉబ్బెత్తు చుక్కగా దిగుతుంది. నాణేనికే తుప్పు పడితే మిగిలేది గుంట. వేలి గోరంత భాగాన్ని భూతద్దంలో చూస్తే చాలు, తప్పు అచ్చుదో నాణేనిదో తేలిపోతుంది.

1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ పాత అమెరికా రాగి సెంట్ల కోసం నాణెం స్థితికి 1 నుంచి 70 దాకా మార్కులు వేసే ఒక కొలబద్ద తయారుచేశాడు. నేడు ప్రపంచమంతటా నాణేలను ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి ముద్ర వేసే సంస్థలు వాడేది దీన్నే. సోహో నాణేనికి అది చక్కగా సరిపోతుంది. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడి బంగారు నాణేనికి సరిపోదని నా గట్టి నమ్మకం.

11వ శతాబ్దపు ఆ నాణెం వెడల్పాటి రేకు. నడుమ వరాహం, చుట్టూ ‘శ్రీ రాజరాజ’ అన్న అక్షరాలు, సంవత్సరానికి గుర్తుగా ‘స’, ఆపై రాజ్య సంవత్సరం అంకె. అక్షరం అక్షరానికీ విడి పోటు. వెనక రాత లేదు. ధవళేశ్వరంలో ఇలాంటివి నిధిగా దొరికాయి, కడలి దాటి అరకాన్ తీరానికీ చేరాయి. పోటు తేలిగ్గా పడిన అక్షరం పుట్టుకతోనే మసక. అరుగుదల అలా ఉండదు. అరిగితే వరాహం వీపు, పక్క అక్షరాల మిట్టలు అన్నీ కలిసి చదునవుతాయి. పక్క అక్షరం పదునుగా ఉండి ఒక్కటే మసకబారితే అది సుత్తి పట్టిన చేతి తేడా. దానికి మార్కులు కోయడం అన్యాయం. నేనైతే ముందు ‘స’ తర్వాతి అంకె చదవగలుగుతున్నానా లేదా చూస్తాను. ఏ ఏట కొట్టారో చెప్పే నాణేనికి, 70లో ఎన్ని వచ్చినా సరే, ఎక్కువే ఇస్తాను.