విశాఖ వంతెనలు: కట్టాక ఖర్చెవరిది?

వాన వెలిసిన మర్నాడు ఫ్లైఓవర్ కింద నిలబడి గడ్డరు (పిల్లర్ల మీద పరిచే బరువైన దూలం) అంచు చూడండి. తడి చార ఉంటే పైన నీరు పోయే గొట్టం మట్టితో పూడిందని అనుమానించాలి. ఆ చార వెంట తుప్పు రంగు మరక కూడా ఉంటే లోపలి ఇనుము దెబ్బతింటున్నట్టే.

కాంక్రీటుకున్న క్షారగుణమే లోపలి చువ్వకు రక్ష. సముద్రపు గాలిలోని క్లోరైడు (ఉప్పులో ఉండే పదార్థం) ఆ రక్షను ఛేదిస్తుంది. అది సన్నటి రంధ్రాల గుండా చువ్వ దాకా చేరడానికి ఏళ్లు పడుతుంది. చేరాక తుప్పు దానంతట అదే పెరుగుతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపలి నుంచే పగిలి పెచ్చులూడుతుంది. ఆ పగుళ్లలోంచి మరింత ఉప్పునీరు దిగుతుంది.

దీనికి బరువు తోడవుతుంది. పోర్టు బొగ్గు, స్టీల్‌ప్లాంటు ఉక్కు, కంటైనర్లు ఈ నగరం రోడ్లమీదా కదులుతాయి. 2018లో కేంద్రం లారీల బరువు పరిమితి పెంచింది. నాలుగు టైర్ల ఇరుసు మోయదగ్గ బరువు 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు చేరింది. దానివల్ల పాత వంతెనలు రేపే కూలవు. వాటిని కట్టేటప్పుడే అదనపు బలం ఉంచుతారు. తుప్పూ బరువూ కలిసి తినేది ఆ అదనాన్నే.

ఇటలీలోని జెనోవా కూడా రేవు పట్టణమే. ఉక్కు కర్మాగారం అక్కడా ఉంది. 1967లో తెరిచిన అక్కడి వంతెనను సముద్రపు గాలి, కర్మాగారం పొగ దెబ్బతీస్తున్నాయని దాన్ని రూపొందించిన ఇంజనీరు రికార్డో మొరాండీయే 1979లో హెచ్చరించాడు. దాని ఉక్కు తీగలకు కాంక్రీటు తొడిగి ఉండడంతో తుప్పు బయటికి కనపడదు. 1990ల్లో ఒక టవరు తీగలను బలపరిచారు. 2018 ఆగస్టు 14న కూలిన టవరు అది కాదు, ఆ పని జరగనిది. 43 మంది చనిపోయారు. విశాఖ ఫ్లైఓవర్ల నిర్మాణం వేరు. కానీ ఆ గాలి, మరమ్మతుల్లో ఆ వాయిదా మనకూ ఉండగలవు.

వాయిదా ఎందుకు పడుతుందో డబ్బు దారి చూస్తే తెలుస్తుంది. కొత్త వంతెనకు గ్రాంటు వస్తుంది, శంకుస్థాపన జరుగుతుంది. నిర్వహణ మాత్రం సాధారణంగా నగరపాలక సంస్థ సొంత ఆదాయం మీదే పడుతుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి విశాఖలాంటి పది లక్షలు దాటిన నగరాలకిచ్చిన సొమ్మును గాలి నాణ్యత, తాగునీరు, పారిశుద్ధ్యాలకే ముడిపెట్టింది. వంతెనకు అందులో వాటా లేదు. 2018లో జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) 80 కోట్ల రూపాయల బాండ్లు (మార్కెట్లో అమ్మే అప్పుపత్రాలు) జారీ చేసింది. కానీ అప్పు వడ్డీతో తీర్చాలి. టోలు లేని వంతెన పైసా సంపాదించదు. ఇక మిగిలేది ఆస్తిపన్ను. జీతాలూ చెత్త బండ్లూ వీధి దీపాలూ అదే ఖజానాకేసి చూస్తాయి. దీపం ఆరితే ఆ రాత్రే ఫిర్యాదు వస్తుంది. గొట్టం పూడితే పదేళ్లదాకా ఎవరూ అడగరు.

యజమానులూ ఒక్కరు కారు. 16వ జాతీయ రహదారి వంతెనలు జాతీయ రహదారుల సంస్థ కిందికి వస్తాయి. నగరంలోని ఎన్‌ఏడీ ఫ్లైఓవర్‌ను కట్టించింది వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ). పట్టాల మీది వంతెనల్లో రైల్వేకూ బాధ్యత ఉంటుంది. పగులు ఏ స్లాబులో పడిందో దాన్నిబట్టి ఫైలు వెళ్లే ఆఫీసు మారిపోతుంది.

ఆలస్యం ఖరీదును ఇంజనీర్లు ‘ఐదుల సూత్రం’తో అంచనా కడతారు. కట్టేటప్పుడు ఒక రూపాయి పొదుపు చేస్తే, తుప్పుకు ముందు సంరక్షణకు 5, తుప్పు మొదలయ్యాక మరమ్మతుకు 25, మార్చాల్సొస్తే 125 రూపాయలు అవుతాయి. ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ దిశ సరైనదే.

నా దృష్టిలో ముందు కావలసింది రిజిస్టరు. 2016లో కేంద్రం జాతీయ రహదారుల వంతెనలకు ఇలాంటి జాబితా వ్యవస్థ ప్రారంభించింది. నగరంలోని ప్రతి వంతెనకూ వయసు, యజమాని, చివరి తనిఖీ తేదీ, మార్చాల్సిన బేరింగుల (గడ్డరు కింద ఉండే రబ్బరు దిండ్లు) లెక్క ఒకేచోట, అందరికీ కనపడేలా ఉండాలి. ఆ దిండ్లు మార్చాలంటే జాకీలతో వంతెనను ఎత్తాలి, ట్రాఫిక్ ఆపాలి. అందుకే ఆ డబ్బు ఏటా కొంత పక్కన పడాలి. గొట్టాల శుభ్రతకు మాత్రం అంత సొమ్ము అక్కర్లేదు. నైరుతి వానలకు ముందే, మే నెలలో, ఒక నిచ్చెన, నలుగురు మనుషులు చాలు.