పపైన్ వరుస ఎలా తేలింది?

పచ్చి బొప్పాయి కాయ మీద గాటు పెడితే తెల్లటి పాలు కారతాయి. హైదరాబాదులో పత్థర్ కా గోష్త్ వండేవాళ్లు మాంసానికి పచ్చి బొప్పాయి ముద్ద పట్టించేది ఆ పాల గుణం కోసమే. అందులోని పపైన్ అనే ఎంజైమ్ ప్రొటీన్లను తెంపి మాంసాన్ని మెత్తబరుస్తుంది. పపైన్ కూడా ప్రొటీనే. 212 అమైనో ఆమ్లాలు ఒకదాని వెంట ఒకటి అతుక్కున్న గొలుసు అది. ఏ స్థానంలో ఏ ఆమ్లం ఉందన్నది 1964లో మొదటిసారి ప్రకటించారు. చివరి సందేహాలు తీరేసరికి 1986 వచ్చింది.

ప్రొటీన్‌లో అమైనో ఆమ్లాలకు కచ్చితమైన వరుస ఉంటుందని ఇన్సులిన్‌తో నిరూపించినవాడు ఫ్రెడరిక్ సాంగర్. ఇన్సులిన్‌లో ఉన్నవి 51 ఆమ్లాలే. 1950లో పేర్ ఎడ్మన్ ఇంకో మార్గం చూపించాడు. ఆయన వాడిన రసాయనం గొలుసు కొసన ఉన్న మొదటి ఆమ్లానికి అంటుకుంటుంది. తర్వాత ఆ ఒక్కటే ఊడివస్తుంది, మిగతా గొలుసు చెక్కుచెదరదు. ఊడినది ఏమిటో గుర్తించి, మళ్లీ అదే పని చేయాలి. వినడానికి తేలికే. కానీ ప్రతి విడతలో వందకు 95 గొలుసుల్లోనే పని సవ్యంగా జరిగిందనుకుందాం. యాభై విడతలు గడిచేసరికి వరుస తప్పకుండా వచ్చినవి వందకు ఎనిమిది కూడా ఉండవు. 212 ఆమ్లాలను ఒక్క బిగిన చదవడం అయ్యే పని కాదు.

కాబట్టి గొలుసును ముక్కలు చేయాలి. పపైన్‌తో ఇక్కడ ఇంకో తంటా ఉంది. ప్రొటీన్లను తెంపడమే దాని వృత్తి కనుక అది తనను తానే తినేస్తుంది. అమెరికాలో ఎమిల్ స్మిత్, కిమెల్ 1954లో పపైన్‌ను పాదరసంతో కలిపి స్ఫటికాలుగా రాబట్టారు. ఎంజైమ్ పనిచేయడానికి కీలకమైన గంధకాన్ని పాదరసం పట్టేసుకుంటుంది, తెంపే పని ఆగిపోతుంది. తర్వాత పదేళ్లు స్మిత్ బృందం ఆ గొలుసు మీదే కష్టపడింది.

ముక్కలను మళ్లీ వరుసలో పెట్టే పద్ధతి తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితుడి పని లాంటిది: ఒక ప్రతి చిరిగినచోట ఇంకో ప్రతి చిరగలేదు కాబట్టి రెండూ కలిపి పాఠం నిలబెట్టవచ్చు. ఇప్పుడు మనకు తెలిసిన పపైన్ వరుసనే తీసుకుందాం. ట్రిప్సిన్ అనే ఎంజైమ్ లైసిన్, ఆర్జినిన్ అనే ఆమ్లాల తర్వాత కోస్తుంది. ఆ లెక్కన పపైన్ మొదట్లో 8, 2, 7 ఆమ్లాల ముక్కలు రావాలి. వాటిలో ఏది ముందో ఏది వెనకో ముక్కలను చూసి చెప్పలేం, ఆరు రకాలుగా పేర్చవచ్చు. కైమోట్రిప్సిన్ అనే ఇంకో ఎంజైమ్ కోసే చోట్లు వేరు. 7వ స్థానంలోనూ 26వ స్థానంలోనూ ఉన్న ట్రిప్టోఫాన్ల తర్వాత అది కోస్తే, 8 నుంచి 26 దాకా ఒకే ముక్క వస్తుంది. అందులో మొదటి ముక్క చివరి ఆర్జినిన్, ఆ వెంటనే మిగతా రెండు ముక్కలు క్రమంగా కనిపిస్తాయి. ఇలా గొలుసు పొడవునా వంతెనలు వెతకాలి. ఎక్కడైనా వంతెన దొరక్కపోతే, లేదా ఒక ముక్క వేరుచేసేటప్పుడే జారిపోతే, అక్కడ పొరపాటుకు చోటున్నట్టే.

ఆ పొరపాటు జరిగింది కూడా. 1968లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో యాన్ డ్రెంత్ బృందం పపైన్ స్ఫటికాల మీద ఎక్స్‌రేలు ప్రసరింపజేసి దాని ఆకారాన్ని గీసింది. 1964 నాటి వరుస ఆ ఆకారంతో కొన్నిచోట్ల కుదరలేదు. గొలుసు అప్పుడు చెప్పినదానికంటే పొడవుగా ఉంది. స్మిత్ మళ్లీ ప్రయోగశాలకే వెళ్లాడు. 1970లో మిచెల్, చైకెన్‌లతో కలిసి 212 ఆమ్లాల వరుస ప్రచురించాడు. వ్యాసం శీర్షికలోనే ‘చేర్పులు, సవరణలు’ అన్న మాటలు ఉన్నాయి. ఆ రెండు మాటల మీద నాకు ఎంతో గౌరవం.

వరుస సరిపడ్డాక దాని అర్థం తెలిసింది. 25వ స్థానంలోని సిస్టీన్, 159వ స్థానంలోని హిస్టిడీన్ గొలుసులో ఎంతో దూరంగా ఉన్నా, గొలుసు మడత పడ్డప్పుడు ఒక లోయకు ఇరువైపులా ఎదురెదురుగా నిలుస్తాయి. ప్రొటీన్లను తెంపేది ఆ జంటే. 25వ సిస్టీన్ చుట్టూ ఉన్న ఆమ్లాల వరుస దాదాపు అదే క్రమంలో మన ఎముకల్లోని కెథెప్సిన్ కె అనే ఎంజైమ్‌లోనూ ఉంటుంది. పాత ఎముకను కరిగించేది అదే. దాని జన్యువు చెడినవాళ్లకు ఎముకలు దట్టంగా మారి పెళుసుబారతాయి.

ఇంత జరిగినా ఒక చిక్కు మిగిలింది. గ్లుటమిన్, గ్లుటామిక్ ఆమ్లం దగ్గరి చుట్టాలు. గొలుసును ఆమ్లంలో మరిగించి విడగొడితే గ్లుటమిన్ కూడా గ్లుటామిక్ ఆమ్లంగా మారిపోతుంది, ఏది ఏదో తెలియదు. ఎక్స్‌రేలకూ నత్రజని, ఆక్సిజన్ పరమాణువుల మధ్య తేడా పట్టడం కష్టమే. జన్యువుకు ఆ తికమక లేదు, రెండింటికీ వేర్వేరు సంకేతాలున్నాయి. 1986లో బొప్పాయి నుంచి పపైన్ సంకేతాన్ని చదివినప్పుడు 47, 118, 135 స్థానాల్లో గ్లుటమిన్ అనుకున్నవి గ్లుటామిక్ ఆమ్లాలని తేలింది. ఇంకో సంగతీ బయటపడింది. చెట్టు మొదట తయారుచేసే గొలుసులో ఉండేవి 345 ఆమ్లాలు. ముందున్న 133లో మొదటి 18 గొలుసును కణంలో సరైన దారి పట్టిస్తాయి, తర్వాతి 115 ఎంజైమ్ వేళగాని వేళ పనికి దిగకుండా అడ్డుపడతాయి. చివరికి ఆ 133 తెగిపోతాయి. రసాయన శాస్త్రవేత్తల చేతికి వచ్చిన పపైన్‌లో వాటి జాడే లేదు.