మెడ వంచి తీస్తేనే తెలిసింది

"అమ్మా, ఈ బొత్తాం కాస్త పెట్టవూ?"

డిసెంబరు చలిలో పొద్దున్నే కాలేజీకి తయారవుతూ మా అబ్బాయి అడిగిన మాట అది. పొయ్యి మీద పోపు మాడిపోతోంది. "పదిహేడేళ్లొచ్చాయి, ఇంకా బొత్తాలు కూడా నేనే పెట్టాలా?" అని విసుక్కున్నాను. ఆ విసురు తల్చుకుంటే ఇప్పటికీ నాకు గుండెల్లో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది.

చల్లగాలి తగిలితే చాలు, వాడి కుడిచేతి వేళ్లు మాట వినడం మానేసేవి. నేను బద్ధకం అనుకున్నాను. అత్తయ్యగారు నీరసమని రోజూ రాగిజావ పట్టించారు. "ఆ ఫోను పక్కన పడేస్తే అన్నీ సర్దుకుంటాయి" అని మావారు తీర్పు చెప్పేశారు. ఓ ఆదివారం తలకి నూనె రాస్తూ వాడి చెయ్యి పట్టుకుని చూశాను కదా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుంట పడింది. ఎడమచెయ్యి మాత్రం నిండుగా ఉంది. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. కండ మాత్రం కరిగిపోతోంది.

మా కాచిగూడలో డాక్టరుగారు మెడకి ఎమ్మారై స్కానింగ్ రాశారు. ఆటో కట్టించుకుని కోఠీ మీదుగా అబిడ్స్ వెళ్లాం. వెల్లకిలా పడుకోబెట్టి తీశారు. రిపోర్టులో 'నార్మల్' అని ఉంది. హమ్మయ్య అనుకుని దేవుడికి కొబ్బరికాయ కొట్టాం. నాలుగు నెలలు గడిచాయి. ఈసారి చేతిలోంచి పెన్ను జారిపోవడం మొదలైంది.

అప్పుడు నాంపల్లి వైపున్న ఓ నరాల డాక్టరు దగ్గరకి తీసుకెళ్లాం. ఆయన చేతులు రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. పాత ఫిల్ము వెలుతురుకి పట్టి చూశారు. అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "మెడ వంచి తీశారా?"

"లేదండీ."

"నిటారుగా ఉంటే ఇది దాక్కుంటుందమ్మా. వంచి తీయించుకు రండి."

మూరెడు పొడవు, చిటికెన వేలంత లావు

ఆ రోజు ఆయన ఓపిగ్గా చెప్పిన సంగతులు మీకూ చెబుతాను. మన వెన్నుపాము పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. పూలు కొనేటప్పుడు కొలుస్తామే, ఆ మూరెడన్నమాట! లావు చిటికెన వేలంత. దాన్ని అడ్డంగా కోసినట్టు చూస్తే మధ్యలో సీతాకోకచిలుక ఆకారం కనిపిస్తుంది. గ్రే మ్యాటర్ అంటారే, ఆ బూడిదరంగు పదార్థం అదే. మెదడులో అది పైపొరగా ఉంటే, వెన్నుపాములో తెల్లపదార్థం నడుమ ఒదిగి ఉంటుంది. సీతాకోకచిలుక వెనక రెక్కలు స్పర్శనీ నొప్పినీ అందుకుంటాయి. ముందు రెక్కల్లోని కణాలు కండరాలకి 'కదులు' అని ఆజ్ఞలిస్తాయి. ఆ కణాలు పోతే కండ కరుగుతుంది. మా చిన్నతనంలో వీధికొకరుగా కనిపించిన పోలియో పిల్లల్లో దెబ్బతిన్నదీ ఈ ముందు రెక్కలే. 2014 మార్చి 27న మన దేశానికి పోలియోరహిత గుర్తింపు వచ్చింది కాబట్టి సరిపోయింది.

ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణాలుండవు. పెద్ద అయస్కాంతమూ రేడియో తరంగాలూ కలిసి, మన ఒంట్లోని నీటిలో ఉన్న హైడ్రోజన్ ద్వారా బొమ్మ గీస్తాయి. ఈ పద్ధతికి బాట వేసినందుకే పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మామూలుగా వాడే 1.5 టెస్లా యంత్రం బలం భూమి అయస్కాంత బలానికి దాదాపు 30 వేల రెట్లు! అయినా వెన్నుపామును తీయడం కష్టమే. అది సన్నం. పైగా గుండె కొట్టుకున్నా, ఊపిరి పీల్చినా, గుటక వేసినా బొమ్మ చెదురుతుంది.

రెండో బొమ్మ

మళ్లీ అబిడ్స్ వెళ్లాం. ఈసారి తలకింద దిండ్లు పెట్టి, గడ్డం ఛాతీకి దగ్గరయ్యేలా వంచి తీశారు. ఆ బొమ్మలో తేడా నాలాంటిదానికే తెలిసింది. మెడ వంచగానే వెన్నుపాము తొడుగు వెనకవైపు నుంచి ముందుకు జరిగి, పామును ఎముకకేసి నొక్కుతోంది. ఎదిగే వయసులో వెన్నెముక సాగినంత త్వరగా ఆ తొడుగు సాగకపోవడమే కారణమంటారు. అలా నొక్కుకున్నప్పుడల్లా ముందు రెక్కలకి రక్తం సరిగా అందదు. చేతివేళ్లను నడిపే కణాలు అక్కడే ఉంటాయి మరి.

దీని పేరు హిరయామా వ్యాధి. జపాన్ వైద్యుడు కెయిజో హిరయామా 1959లో వివరించారు. మన దేశంలో డాక్టర్ గౌరీదేవి బృందం ఇలా ఒకే చెయ్యో కాలో సన్నబడే రోగుల గురించి 1984లో రాసింది. హిరయామా వ్యాధి ఎక్కువగా పదిహేను, పాతికేళ్ల మధ్య మగపిల్లల్లో వస్తుంది. కొన్నేళ్లు ముదిరి, తర్వాత ఆగిపోతుంది. అయితే ఆగేలోపు పోయిన బలం చాలావరకు తిరిగిరాదు. అందుకే తొందరగా కనిపెట్టడం ముఖ్యం. మెడ వంగకుండా పట్టీ పెడతారు. కొందరికి ఆపరేషన్ కూడా అవసరపడుతుంది.

మావాడు పట్టీ పెట్టుకుని కాలేజీకి వెళ్లడానికి మొదట్లో ఎంత ఏడ్చాడో! ఏడాది దాటింది. గుంట పూడలేదు గానీ పెరగనూ లేదు. పోయిన ఆ నాలుగు నెలలు మాత్రం నాకు బాకీ. మొదట బొమ్మ తీసినవాళ్లను తప్పుపట్టలేను. వాళ్లకి వచ్చిన చీటీలో మెడ వంచమని లేదు. అడగాలని నాకూ తెలియదు.

మీ పిల్లల సంగతి

ఇది చదివి బెంగపడిపోకండి. మెడ వంచి చదివే పిల్లలందరికీ ఇది రాదు. చెయ్యి బలహీనపడటానికి మెడలో డిస్కు మొదలు చాలా కారణాలుంటాయి. నరాల పరీక్షలు చేసి డాక్టరే తేల్చాలి. మెడపట్టీ మీకు మీరే కొని పెట్టకండి. కానీ ఎదిగే పిల్లవాడికి ఒక చెయ్యి సన్నబడుతూ, చలికి వేళ్లు మొరాయిస్తుంటే నరాల డాక్టరుకి చూపించండి. స్కానింగ్ రాస్తే "మెడ వంచి కూడా తీయాలా అండీ?" అని ఒక్క మాట అడగండి. ఒంట్లో పేస్‌మేకర్, లోహపు క్లిప్పులు లాంటివి ఉంటే ముందే చెప్పాలి. లోపలికి వెళ్లేవారు ఉంగరాలు, గాజులు, పిన్నీసులు తీసేయాలి.

ఈ చలికాలం కూడా మావాడు "అమ్మా, బొత్తాం" అంటూనే ఉన్నాడు. పోపు మాడితే మాడనీ, ముందు వాడి దగ్గరకే వెళ్తున్నాను.