కడిగితే పోయే పాట: డాక్టర్ ఫీల్‌గుడ్ రికార్డుల ముచ్చట

'గేమ్ ఆఫ్ థ్రోన్స్' చూసినోళ్లకు ఇలిన్ పేన్ యాదికుంటడు. నాలుక లేని తలారి. ఒక్క మాట మాట్లాడడు, గుడ్లురిమి చూస్తడు, గంతే. గా బోడగుండు మనిషి అసలు సినిమాలోడు కాదు. పేరు విల్కో జాన్సన్. ఇంగ్లండుల గిటార్ వాయించేటోడు. 1970లల్ల 'డాక్టర్ ఫీల్‌గుడ్' అనే బ్యాండుల ఉండె. ఆ బ్యాండు పాటలు దొరికినకాడికి వింటున్న నేను. వినంగ వినంగ ఒక ముచ్చట సమజైంది. పాటను ఉన్నది ఉన్నట్టు టేపు మీద పట్టినప్పుడల్లా వీళ్లు గెలిచిండ్రు. స్టూడియోల కూసొని ఏది ఉంచాలె, ఏది తియ్యాలె అని లొల్లి పెట్టుకున్నప్పుడు ఇరిగిపోయిండ్రు. ఎట్లనో జర వివరంగ చెప్త.

పబ్ రాక్ అంటే ఏంది?

మన హైదరాబాదుల పబ్బు అంటే రంగురంగుల లైట్లు, డీజే, వేలకు వేలు బిల్లు. ఇంగ్లండుల పబ్బు గట్ల కాదు. మన దిక్కు కల్లు కాంపౌండు ఎట్లనో ఆడ పబ్బు అట్ల. వాడకట్టుకొకటి ఉంటది. పొద్దంత పనిచేసి అలసినోళ్లు పొద్దుమూకినంక వచ్చి ఒక గ్లాసు బీరు ముందల పెట్టుకొని ముచ్చట పెట్టుకుంటరు.

1970ల మొదట్ల రాక్ సంగీతం పెద్ద పెద్ద హాళ్లకు, మైదానాలకు ఎక్కింది. ఒక్కో పాట 20 నిమిషాలు. కీబోర్డులు గుట్టలు గుట్టలు. పాడేటోనికి, వినేటోనికి నడుమ దూరం పెరిగింది. గా టైములనే 1971లో లండన్ కెంటిష్ టౌన్‌ల 'టాలీ హో' అనే పబ్బుల 'ఎగ్స్ ఓవర్ ఈజీ' అనే అమెరికన్ బ్యాండు వాయించుడు షురూ చేసింది. దాన్ని చూసి బ్రిన్‌స్లీ ష్వార్జ్ అసొంటి బ్యాండ్లు కూడ పబ్బుల బాట పట్టినయి. చిన్న జాగ, చిన్న సామాను, మూడు నిమిషాల పాట, ఎదురుంగనే జనం. దానికే పబ్ రాక్ అని పేరు పడ్డది. అది ఒక రాగం పేరు కాదు, ఒక జాగ పేరు.

నీళ్ల కింది ఊరు

డాక్టర్ ఫీల్‌గుడ్ లండన్ బ్యాండు కాదు. థేమ్స్ నది సముద్రంల కలిసేకాడ కాన్వే అనే దీవి ఉన్నది, ఎసెక్స్ జిల్లాల. సముద్రానికి పోటొస్తే నీళ్ల మట్టం కన్న ఊరే కిందికి ఉంటది. చుట్టూ కట్ట కట్టుకొని బతుకుతరు. 1953 జనవరి ఆఖరి రాత్రి తుఫానుకు ఆ కట్ట తెగి దగ్గరదగ్గర 60 మంది సచ్చిపోయిండ్రు. అప్పుడు విల్కోకు అయిదేండ్లు. ఆ ఊరంటే చమురు ట్యాంకులు, ఓడలకు చమురు ఎక్కించే దించే జెట్టీలు, దూరంగ రిఫైనరీ మంట. అమెరికాల మిసిసిపీ డెల్టాల బ్లూస్ పాట పుట్టింది గద, మనది గూడ థేమ్స్ డెల్టానే అని ఈ పోరగాళ్లు గర్వంగ చెప్పుకునేటోళ్లు.

1971లో నలుగురు జమైండ్రు. గొంతు, మౌతార్గాన్ లీ బ్రిల్లో. గిటార్ విల్కో జాన్సన్. బేస్ గిటార్ జాన్ స్పార్క్స్, అందరు స్పార్కో అంటరు. డ్రమ్స్ జాన్ మార్టిన్, ఆయన్ను 'బిగ్ ఫిగర్' అంటరు. విల్కో అసలు పేరు జాన్ విల్కిన్సన్. న్యూకాసిల్ యూనివర్సిటీల ఇంగ్లిష్ సాహిత్యం చదివి, రోడ్డు మార్గాన మన దేశం దాక వచ్చి తిరిగిపోయినోడు. ఊరికి వాపసు పోయినంక బళ్ల పంతులు పని కూడ చేసిండు. బ్యాండు పేరు పాత అమెరికన్ బ్లూస్ పాట నుంచి తీసుకున్నరు.

విల్కో వాయించే తీరు అర్థమైతేనే వీళ్ల రికార్డు అర్థమైతది. మామూలుగ రాక్ బ్యాండుల ఇద్దరు గిటారోళ్లుంటరు. ఒకడు తాళం పట్టినట్టు వాయిస్తడు, ఇంకొకడు రాగం తీస్తడు. విల్కో ఎడమచేతి వాటం మనిషి అయ్యి కూడ కుడిచేతి తీరు నేర్చుకున్నడు. పిక్కు పట్టడు, ఉత్త వేళ్లతోనే తీగెల మీద కొడ్తడు. తాళం, రాగం రెండు ఒక్క చేతుల నుంచే వస్తయి. మన డప్పుల సిర్ర, సిటికెన పుల్ల ఒక్క మనిషి చేతులనే ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటయి గద, గట్లనే. స్టేజీ మీద కండ్లు పెద్దగ చేసుకొని, ఇంజను తీరు ముందుకు వెనుకకు ఉరికేటోడు. పక్కన లీ బ్రిల్లో మాసిపోయిన తెల్ల కోటు ఏసుకొని కోపంగ పాడేటోడు. 1973లో లండన్ పబ్బులల్ల దిగిండ్రు. జనం ఎగబడ్డరు.

రెండు చెవులకు ఒక్కటే పాట

రికార్డు కంపెనీ యునైటెడ్ ఆర్టిస్ట్స్ వీళ్లతోని ఒప్పందం చేసుకున్నది. మొదటి ఆల్బం 'డౌన్ బై ద జెట్టీ' 1975 జనవరిల వచ్చింది. దానిల కొంత వేల్స్‌ల రాక్‌ఫీల్డ్ స్టూడియోల రికార్డు చేసిండ్రు. ఈ స్టూడియో కత కూడ ఇనుండ్రి. అది అసలు పాడి బర్రెల కొట్టం అసొంటిది, కాకపోతే ఆడ ఆవులు. వార్డ్ అన్నదమ్ములిద్దరు తమ పాడి ఫారంలనే స్టూడియో పెట్టిండ్రు. క్వీన్ బ్యాండు 'బొహీమియన్ రాప్సడీ' కూడ ఆడనే మొదలైంది.

అప్పటికే స్టూడియోలల్ల 16 ట్రాకుల టేపులు వచ్చినయి. అంటే డ్రమ్స్ ఒకసారి, గిటార్ ఇంకోసారి, గొంతు మరోసారి, ఎవరిది వాళ్లు వేరువేరుగ రికార్డు చేసి తర్వాత కలుపుకోవచ్చు. తప్పు పోతే ఆ ముక్కనే మళ్ల చేస్కోవచ్చు. ఒకదాని మీద ఒకటి ఎక్కించుడును ఓవర్‌డబ్బింగ్ అంటరు. విల్కోకు ఇది నచ్చలే. నలుగురం ఒక్కతాన నిలవడి ఒక్కపారి వాయిస్తేనే అది మా పాట అని పట్టువట్టిండు. ప్రొడ్యూసర్ విక్ మెయిల్ కూడ లైవ్ రికార్డింగుల చెయ్యి తిరిగినోడే. తర్వాత మోటర్‌హెడ్ 'ఏస్ ఆఫ్ స్పేడ్స్' చేసింది కూడ ఆయననే. పాటలను దాదాపు స్టేజీ మీద వాయించినట్టే పట్టిండ్రు.

ఆల్బంను మోనోల విడుదల చేసిండ్రు. మోనో అంటే రెండు చెవులకు ఒక్కటే శబ్దం. గిటార్ కుడిచెవుల, డ్రమ్స్ ఎడమచెవుల అని పంచుడు లేదు. 1975 నాటికి స్టీరియో మామూలైపోయింది. అసొంటప్పుడు మోనో పెట్టుడంటే కలర్ సినిమాల కాలంల బ్లాక్ అండ్ వైట్ సినిమా తీసినట్టు. నిజంగనే అట్ట మీద బొమ్మ కూడ బ్లాక్ అండ్ వైటే. సముద్రం గాలికి జుట్టు చెదిరిపోయిన నలుగురు మనుషులు. పాత జ్ఞాపకం కోసం ఆడిన నాటకం ఇది అన్నోళ్లు ఉన్నరు. నాకైతే అట్ల అనిపియ్యది. పబ్బుల నిలవడితే మనిషికి వినొచ్చేది గదే కదా, నలుగురి శబ్దం ముద్దగ ఒక్కతాన నుంచే వస్తది.

ఈ ఆల్బం చార్టులల్ల ఎక్కలే. కాని పాటలు మిగిలినయి. దానిల 'రాక్సెట్' అని విల్కో రాసిన పాట ఒకటుంది. తర్వాత పదేండ్లకు స్వీడన్‌ల పుట్టిన రాక్సెట్ అనే బ్యాండు పేరు ఆ పాట నుంచి వచ్చిందే.

నంబర్ వన్

అదే ఏడు రెండో ఆల్బం 'మాల్‌ప్రాక్టీస్' వచ్చి బ్రిటన్ చార్టుల 17వ నంబరు దాక పోయింది. మూడోది 1976ల వచ్చిన 'స్టుపిడిటీ'. ఇది స్టూడియో ఆల్బమే కాదు. ఒక దిక్కు షెఫీల్డ్ సిటీ హాల్ల వాయించింది, ఇంకో దిక్కు వాళ్ల ఊరి పక్కన సౌతెండ్ కుర్సాల్ల వాయించింది. రెండు కచేరీలను రికార్డు చేసి ఏసిండ్రు. అది బ్రిటన్ల నంబర్ వన్ అయింది.

ఒకపారి ఆలోచన చేయుండ్రి. రేడియోల పెద్దగ వినపడని పాటలు, మెరుగు పెట్టని రికార్డు దేశంల అన్నిటికన్న పైన కూసున్నది. ఎందుకైంది? ఊరూరు తిరిగి వాయించి వాయించి వీళ్లు జనాన్ని సంపాదించుకున్నరు. ఆ జనం దుకాణంకు పోయి కొన్నది కొత్త పాటలను కాదు, తాము చూసిన రాత్రిని.

గదే ఏడు ఇంకో పని జరిగింది. జేక్ రివియేరా అనే సోపతికి లీ బ్రిల్లో 400 పౌండ్లు అప్పిచ్చిండు. ఆ పైసలతోని 'స్టిఫ్ రికార్డ్స్' అనే చిన్న కంపెనీ పుట్టింది. బ్రిటన్ల మొట్టమొదటి పంక్ సింగిల్ అని చెప్పుకునే ద డ్యామ్డ్ వాళ్ల 'న్యూ రోజ్' 1976ల ఆ కంపెనీ నుంచే వచ్చింది. ఎల్విస్ కాస్టెలో, ఇయాన్ డ్యూరీ కూడ ఆడికెల్లే లేసిండ్రు. పబ్ రాక్ నుంచి పంక్ దాక పోయిన బాటల ఈ 400 పౌండ్ల అప్పు ఒక పెద్ద మలుపు.

ఒక్క పాట కాడ ఇరిగింది

నంబర్ వన్ అయ్యి ఏడాది కూడ తిరగకముందే కత అడ్డం తిరిగింది. 1977ల నాలుగో ఆల్బం 'స్నీకిన్ సస్పిషన్' కోసం మళ్ల రాక్‌ఫీల్డ్‌కు పోయిండ్రు. ఈసారి ప్రొడ్యూసర్ అమెరికా మనిషి బర్ట్ డి కోటో. పాటలు రాసే బరువు మొత్తం విల్కో మీదనే. మిగిలిన ముగ్గురు ఒక దిక్కు కలిసి తాగి నవ్వుకునే సోపతులు, విల్కో తాగడు, తన గదిల తను ఒక్కడే. లోపల లోపల రగులుతనే ఉన్నది.

పైకి వచ్చింది మాత్రం ఒక్క పాట కాడ. లూ లూయిస్ అనే దోస్తు రాసిన 'లక్కీ సెవెన్'ను ఆల్బంల పెడ్దమన్నరు ముగ్గురు. వద్దన్నడు విల్కో. పాట ఉండుడా, విల్కో ఉండుడా అన్నకాడికి వచ్చింది. పాట ఉన్నది, విల్కో పోయిండు. నన్ను ఎల్లగొట్టిండ్రు అని ఆయన అన్నడు. ఆయననే పోయిండు అని వాళ్లన్నరు. ఆల్బం పదో నంబరు దాక పోయింది. కాని అందరు కొన్న ఆ రికార్డు అప్పటికే ఇరిగిన బ్యాండుది.

స్టేజీ మీద గిసొంటి లొల్లి ఇట్ల ముదరదని నా అభిప్రాయం. ఆడ పాట జనానికి నచ్చిందా లేదా అన్నది మూడు నిమిషాలల్ల తేలిపోతది. స్టూడియోల వారాలకు వారాలు గోడల నడుమ కూసుంటే తీర్పు చెప్పే జనం ఉండరు. ఎవని మాట నెగ్గాలె అన్నదే మిగుల్తది.

తర్వాత ఎవరెవరు

బ్యాండు ఆగలే. గిప్పీ మేయో అనే గిటారిస్టు వచ్చిండు. ప్రొడ్యూసర్‌గ బ్రిన్‌స్లీ ష్వార్జ్ బ్యాండుల ఉన్న నిక్ లో వచ్చిండు. ఆయనకు 'బాషర్' అని ముద్దుపేరు. దబదబ బాది రికార్డు చేసుడే ఆయన పద్ధతి. నిక్ లో, మేయో కలిసి రాసిన 'మిల్క్ అండ్ ఆల్కహాల్' 1979ల తొమ్మిదో నంబరుకు పోయింది. బ్యాండుకు అదే అన్నిటికన్న పెద్ద సింగిల్. అంటే విల్కో లేకపోతే అంతా ఖతం అనుడు కూడ న్యాయం కాదు. 1981ల మేయో పోయిండు, 1982ల స్పార్కో, బిగ్ ఫిగర్ పోయిండ్రు. మొదటి నలుగుర్ల లీ బ్రిల్లో ఒక్కడే మిగిలిండు. కొత్తోళ్లను పెట్టుకొని ఊరూరు తిరుగుడు మాత్రం ఆపలే. విల్కో సొంతంగ బ్యాండు పెట్టుకున్నడు, నడుమల ఇయాన్ డ్యూరీ బ్లాక్‌హెడ్స్‌ల కూడ వాయించిండు.

సావు ముందట రెండు రికార్డులు

లీ బ్రిల్లోకు క్యాన్సర్ వచ్చింది. 1994 జనవరిల కాన్వే దీవిల బ్యాండు పేరు మీదనే ఉన్న మ్యూజిక్ బార్ల ఆఖరి కచేరీలు చేసిండు. వాటిని రికార్డు చేసి 'డౌన్ ఎట్ ద డాక్టర్స్' అని విడుదల చేసిండ్రు. ఏప్రిల్ 7న పోయిండు. 41 ఏండ్లే. ఎక్కడ మొదలైండో ఆడనే, ఎట్ల మొదలైండో అట్లనే, ఎదురుంగ జనాన్ని పెట్టుకొని ముగించిండు. ఆయన, విల్కో కలిసి మళ్ల ఒక్క రికార్డు కూడ చెయ్యలేదు.

2013 మొదట్ల విల్కోకు కూడ క్యాన్సర్ అని తేలింది. కొన్ని నెలలే అన్నరు డాక్టర్లు. కీమో వద్దనుకొని కచేరీలకు పోయిండు. గా ఏడు నవంబర్ల ద హూ బ్యాండు గాయకుడు రోజర్ డాల్ట్రీతోని కలిసి వారం రోజులల్ల ఒక ఆల్బం ముగించిండు. పేరు 'గోయింగ్ బ్యాక్ హోమ్'. 11 పాటలల్ల 10 విల్కో చెయ్యి పడ్డయే, చానా మటుకు పాతయే. మెరుగులు దిద్దెటందుకు టైమే లేదు. 2014 మార్చిల వచ్చి మూడో నంబరు దాక ఎక్కింది.

గప్పుడు ఇంకో వింత జరిగింది. ఆయన పాటలంటే ఇష్టమున్న ఒక డాక్టరు అనుమానపడి, ఇంత కాలం బతికిండంటే ఇది అనుకున్న రకం క్యాన్సర్ కాకపోవచ్చు అన్నడు. కేంబ్రిడ్జి ఆడెన్‌బ్రూక్స్ దవాఖానల ఆపరేషన్ చేసి మూడు కిలోల గడ్డ తీసిండ్రు. విల్కో బతికిండు. ఇంకో ఎనిమిదేండ్లు వాయించి, 2022 నవంబర్ల 75 ఏండ్లకు పోయిండు.

మనకేమున్నది దీంట్ల?

మొదటి ఆల్బం, నంబర్ వన్ ఆల్బం, ఇద్దరి సావు ముంగటి ఆల్బములు, నాలుగింటికి నాలుగు నలుగురం నిలవడి ఒక్కపారి వాయించుదాం అన్న తీరుల అయినవే. స్టూడియో చెడ్డది అని నేను అంటలే. 'మిల్క్ అండ్ ఆల్కహాల్' స్టూడియోలనే పుట్టింది. నేననేది ఏందంటే, మెరుగు పెట్టుడు పాట తర్వాత రావాలె, పాట జాగల రావద్దు.

మన ఊర్లల్ల ఇయ్యాల పాట కట్టే పోరగాళ్లకు, పొల్లగాండ్లకు చేతుల ఫోనున్నది, మండలంల స్టూడియో ఉన్నది. పోంగనే ఆడ మొదలు చేసేది గొంతును ఆటోట్యూన్ల పెట్టి సాపు చేసుడు. యాస కొంచెం తగ్గియ్యుమంటరు, డప్పు తీసి మెషిన్ల బీటు పెడ్తరు. పాట శుభ్రంగ బయటికొస్తది, ఎవరిదో గుర్తువట్టరాదు. కాన్వే దీవోళ్ల రికార్డులు ఇన్నప్పుడు యాభై ఏండ్ల కిందటి ఉప్పుగాలి, చమురు వాసన, చెమట ఇంకా తగుల్తయి. వాటిని ఎవరు కడగలే కాబట్టే అవి ఆడ ఉన్నయి.