గాజు తొట్టిలో పిలవని అతిథులు



మన ఇండ్లలో కోళ్లు, మేకలు పెంచడం అలవాటే గాని గాజు తొట్టిలో చేపలు పెంచడం ఈ మధ్య వచ్చిన ముచ్చట. ఎనిమిదవ తరగతి చదివే మా అబ్బాయి పండుగ డబ్బులు కూడబెట్టి, కర్నూలులో ఒక చిన్న తొట్టి, నాలుగు బంగారు చేపలు, ఒక నీటి మొక్క కొనుక్కున్నాడు. నెల తిరగకముందే గాజు మీద మినపగింజంత నత్తలు పాకసాగాయి.

"నాయనా, నేను నత్తలు కొనలేదే! ఇవి ఎట్లా వచ్చాయి?" అని అడిగాడు.

నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి మనసు రాక, పొరుగు రైతు దగ్గర మైలుతుత్తం తెచ్చి చిటికెడు నీళ్లలో కలిపాను. తెల్లవారేసరికి నత్తలు చాలావరకు చచ్చాయి. వాటితోపాటు మూడు చేపలు కూడా వెల్లకిల తేలాయి. మిగిలిన ఒక్కదానిని మా ఇంటావిడ త్వరగా వేరే నీళ్లలోకి మార్చింది. ఆ రోజంతా వాడు నాతో మాట్లాడలేదు.

నేను ఆలస్యంగా నేర్చుకున్న సంగతులు మీకు ముందే చెబుతున్నాను. మైలుతుత్తంలో ఉన్నది రాగి. అది నత్తకే కాదు, చేపకూ విషమే. పైగా చచ్చిన నత్తలు కుళ్లితే నీటిలో అమ్మోనియా చేరి, బ్రతికిన చేపలను కూడా చంపుతుంది.

నత్తలు వచ్చేది సాధారణంగా కొత్త మొక్కతోనే. ఆకు అడుగున జిగురు ముద్దలో గ్రుడ్లుంటాయి, కంటికి సులభంగా ఆనవు. కొన్ని జాతులలో ఒక్క నత్త చాలు, జత లేకుండానే సంతానం పెరుగుతుంది. మన కర్నూలు, కడప సీమలలో సున్నపురాతి నేల ఎక్కువ. చాలాచోట్ల బోరు నీటికి సబ్బు నురగ రాదు, గిన్నెలకు తెల్లని పొర కడుతుంది. ఆ నీటిలోని సున్నమే నత్త గుల్లకు బలం. అయితే అవి అంతగా పెరగడానికి అసలు కారణం మన చేతిలోనే ఉంది. ముద్దుకొద్దీ మనం వేసే అధికమైన మేతలో చేపలు తినక వదిలినది అడుగున చేరి నత్తలకు విందు అవుతుంది.

కనుక ఇలా చేయండి. రెండు మూడు నిమిషాలలో చేపలు తినగలిగినంత మేతే వేయండి. రాత్రి ఒక దోసకాయ ముక్కను గాని క్యాబేజీ ఆకును గాని తొట్టిలో ఉంచి, ఉదయం దానికి పట్టిన నత్తలతో సహా తీసివేయండి. వారానికోసారి నాలుగవ వంతు నీరు మార్చండి. కొత్త మొక్కను రెండు మూడు వారాలు వేరే బక్కెట్టులో ఉంచి చూచిన తరువాతే తొట్టిలో నాటండి. నాలుగైదు నత్తలు మిగిలితే కంగారు పడవద్దు. అవి పాచిని తిని మేలే చేస్తాయి.

ఇక ముఖ్యమైన మాట. ఇసుకలో దాగి మిగిలిన నత్తలను, మొక్కను చెంబులో వేసుకొని మావాడు కె.సి. కాలువకు బయలుదేరాడు. "చంపడమెందుకు నాయనా, అక్కడ బ్రతుకుతాయి కదా" అన్నాడు. వాని జాలి మంచిదే. అయితే సుంకేసుల నుండి కడప దాకా ఎన్నో ఊళ్ల పొలాలకు పారే నీరది. గుర్రపు డెక్క కూడా పందొమ్మిదవ శతాబ్దం చివర పూల అందానికి బెంగాలుకు తెచ్చిన దక్షిణ అమెరికా మొక్కే. ఈనాడు దానితో ఎన్ని చెరువులు పూడుతున్నాయో చూస్తున్నాము. తొట్టిలో పాచి తింటుందని అమ్మే సక్కరు చేప కూడా అక్కడిదే. అది అడుగుకు మించి పెరుగుతుంది. తొట్టి చాలక జనం నీళ్లలో వదిలితే, దాని ముళ్లకు జాలరుల వలలు చినుగుతున్నాయి. మన నల్లమల కూడా చేరిన తూర్పు కనుమలలో, పరీక్షించిన జలాశయాలలో సుమారు 60 శాతానికి అది వ్యాపించిందని హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు 2024లో తెలిపారు.

నేను వానిని గట్టు మీద ఆపి, "నీ చేపల విషయంలో తప్పు నాదే. తెలియకుండా మందు వేశాను. తెలియకుండా కాలువలో వేస్తే ఇదీ అటువంటిదే అవుతుంది" అన్నాను. ఇద్దరం ఇంటికి వచ్చి, వాటి మీద మరిగే నీళ్లు పోసి, పెరటిలో గుంట తీసి పూడ్చాము. రాగి కలిసిన ఇసుకను కూడా మార్చాము.

ఆ ఒక్క చేప ఇంకా ఉంది. మేత మాత్రం ఇప్పుడు వాడే, కొలిచి వేస్తున్నాడు.