అతుకుల బొంత: చేతి కుట్టు, ఇంటి మాట

ఒక రచనలో పొందిక లేదని చెప్పదలిస్తే విమర్శకులు దాన్ని 'అతుకుల బొంత' అంటారు. ఎక్కడెక్కడివో తెచ్చి అంటించారని ఆ మాటకు అర్థం. అయితే నిజమైన బొంతను చేతిలోకి తీసుకొని చూసినవారికి ఈ పోలిక అంత న్యాయంగా తోచదు. పొందిక లేని బొంత ఒక్క చలికాలం కూడా నిలవదు. ఏ ముక్క ప్రక్కన ఏ ముక్క ఉండాలో, ఏ బట్ట ఎంత లాగుడును ఓర్చుకుంటుందో, కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎంత ఎడముండాలో తెలిసిన చేయి కుట్టినదే బొంత. ఈ వ్యాసంలో బొంత కుట్టునూ, దానిమీద వేసే చేతి ఎంబ్రాయిడరీనీ నిత్యజీవితంలో ఒక వ్యాసంగంగా పరిశీలిద్దాం. తెలుగునాడుకు వెలుపల ఉండి తెలుగు చదువుకొంటున్న విద్యార్థులకు ఇందులో పనికివచ్చే విషయం మరొకటి కూడా ఉంది. ఈ పనిని అంటిపెట్టుకొని ఉన్న మాటలు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకవు.

డెంకణికోటను ఉదాహరణగా తీసుకొందాం. ఇది తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. 1965 వరకు ఈ ప్రాంతం సేలం జిల్లాలో ఉండేది. ఆ తరువాత ధర్మపురి జిల్లాలోకి వెళ్ళింది. 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడగా అందులో చేరింది. హోసూరు పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నందువల్ల మార్గశిర పుష్య మాసాల్లో రాత్రులు బాగా చల్లగా ఉంటాయి. రాగి పంట, పట్టుపురుగుల పెంపకం ఇక్కడివారి జీవనాధారాల్లో ముఖ్యమైనవి. తెలుగు, కన్నడం, తమిళం మూడూ సంతలో వినబడతాయి. ఇటువంటి చోట కంబళీ, బొంతా ఇంటి సామానులో చేరడం సహజమే.

బొంత నిర్మాణం చాలా తేలిక. వాడి వాడి మెత్తబడిన నూలు చీరలు, పంచెలు దీనికి ముడిసరుకు. ఐదున్నర మీటర్ల చీరను సగానికి మడిస్తే రెండున్నర మీటర్లకు పైగా పొడవున రెండు పొరలు వస్తాయి. రెండు చీరలైతే నాలుగు పొరలు. చిరిగిన చోట్ల లోపల గుడ్డముక్కలు పరచి, పైపొరకు మాసికలు వేసి, అంచులు లోపలికి మడిచి, ఆ చివరి నుంచి ఈ చివరికి వరుసలు వరుసలుగా కుడతారు. సూదిని క్రిందికీ పైకీ ముంచి తీసే సాదా కుట్టే ఇది. కాని అది చేసే పని చిన్నది కాదు. పొరల మధ్య చిక్కిన గాలి వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. వరుసలు దగ్గరగా ఉన్నందువల్ల లోపలి పేలికలు ఒకచోటికి జారి ముద్ద కట్టవు. ఒక పోగు తెగినా ప్రక్క వరుసలు బరువును మోస్తాయి.

ఈ విద్య తెలుగువారికి మాత్రమే చెందినది కాదు. ఉత్తర కర్ణాటకలో దీన్ని కౌది అంటారు. ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ స్త్రీలు రంగురంగుల ముక్కలతో కవంది కుడతారు. అంచుల దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి రావడం వారి పద్ధతి. బెంగాలులో కాంథా, బీహారులో సుజనీ ఇటువంటివే. కాంథా అన్న పేరు సంస్కృతంలోని 'కంథా' శబ్దానికి సంబంధించినది. సన్యాసులు ధరించే అతుకుల వస్త్రానికి ఆ పేరు. బెంగాలు స్త్రీలు పాత చీరల అంచుల నుంచి రంగు పోగులు లాగి, వాటితోనే చేపలూ పద్మాలూ కుట్టేవారు. పాతబట్ట వెచ్చగా ఉంటే చాలునన్న అవసరం అక్కడితో తీరిపోయింది. చేపను కుట్టమని ఎవరూ అడగలేదు. అవసరం తీరిన తరువాత కూడా చేయి ఆగకపోవడమే ఈ వ్యాసంగానికి మొదలు.

అవసరం అసలే లేకుండా ఇదే పనిని సరదా కోసం చేపట్టినవారి చరిత్ర కూడా తెలుసుకోదగినది. అమెరికాలో 1880ల నాటి సంపన్న గృహాల్లో 'క్రేజీ క్విల్టు' అన్నది పెద్ద మోజుగా ఉండేది. 1876లో ఫిలడెల్ఫియా శతవార్షిక ప్రదర్శనలో జపాను కళావస్తువులను చూసినవారికి, రెండు ప్రక్కలా సమంగా లేని కూర్పులోని అందం తెలిసివచ్చిందనీ, ఆ మోజుకు ఇదొక ప్రేరణ అనీ చాలామంది చెబుతారు. మెరుగుపూత పూసిన మట్టిపాత్రపై సన్నని పగుళ్ళు జాలులా పరచుకొంటాయి. ఆ పగుళ్ళకు వాడే ఇంగ్లీషు మాటకూ ఈ పేరుకూ చుట్టరికం ఉంది. ముక్కలను చతురస్రాలుగా కోయక, ఉన్నదాన్ని ఉన్నట్టే వాలుగా, మూలలుగా అమర్చి, ప్రతి అతుకుమీదా రంగుదారంతో కుట్టు వేయడం దీని లక్షణం. పట్టు, మఖమల్ ముక్కలకు గిరాకీ ఎంత పెరిగిందంటే, పట్టు మిల్లులు పేలికలను పొట్లాలు కట్టి అమ్మాయి. ఇంట్లో పేలికలు లేనివారు వాటిని కొని తెచ్చుకొన్నారు!

మన ఇళ్ళలో ఆ ఇబ్బంది లేదు. పేరంటాల్లో తాంబూలంతో పాటు ఇచ్చే రవికగుడ్డలు ప్రతి ఇంటి బీరువాలోనూ పేరుకొని ఉంటాయి. కొన్ని కుట్టించుకోవడానికి చాలవు, కొన్నిటి రంగు నచ్చదు, ఇవ్వబోతే తీసుకొనేవారుండరు. వాటికి తోడు దర్జీ దుకాణంలో కత్తిరింపు ముక్కలు, పాత పట్టుచీర చెంగు, పిల్లలకు పొట్టి అయిన పావడా. క్రేజీ కూర్పుకు ఇంతకంటే మంచి సరుకు ఉండదు.

కొత్తగా మొదలుపెట్టే విద్యార్థి ఒక్కసారిగా పక్కబొంతకు పూనుకోనక్కరలేదు. అడుగు చదరం గల ఒక్క పలకతో ఆరంభించవచ్చు. పాత పంచె నుంచి నాలుగు వైపులా అంగుళం ఎక్కువగా, అంటే 14 అంగుళాల చదరంగా ఒక ముక్క కోసుకోవాలి. ఇది అడుగుబట్ట. దాని నడుమ ఐదు మూలల రంగుముక్క ఒకటి పరచాలి. దాని ఒక అంచుమీద రెండో ముక్కను బోర్లా పెట్టి, ఆ అంచు వెంట అడుగుబట్టతో సహా కుట్టి, ముక్కను తిరగేసి వేలితో నొక్కాలి. కుట్టు లోపల దాగిపోతుంది. ఇలా చుట్టూ తిరుగుతూ అడుగుబట్ట కనబడనంత వరకు ముక్కలు చేర్చుకుంటూ పోవాలి. చివరకు 12 అంగుళాలకు గీత గీసి, అతికేందుకు అర అంగుళం విడిచి కత్తిరించాలి. ఇటువంటివి పదహారు చేసి, వరుసకు నాలుగు చొప్పున అతికితే నాలుగడుగుల చదరం బొంత అవుతుంది. వారానికొకటి చేసినా నాలుగు నెలల పని.

ముందుగా తీసుకోవలసిన జాగ్రత్తలు రెండు ఉన్నాయి. రంగు దిగే బట్ట ప్రక్కవాటిని పాడు చేస్తుంది కనుక, ప్రతి ముక్కనూ తడిపి తెల్లగుడ్డతో అద్ది చూడాలి. తెల్లగుడ్డకు రంగు అంటితే ఆ ముక్కను ప్రక్కన పెట్టాలి. పాత పట్టు, జరీ మడతల దగ్గర చిట్లుతాయి కాబట్టి వాటి వెనుక పలుచని నూలుబట్ట వేసి వాడాలి.

ఇక కుట్లు. అతుకుమీద వేయడానికి నాలుగైదు రకాలు వస్తే చాలు. కాడకుట్టు వాలుగా ఒకదాన్నొకటి ఆనుకొని సాగే గీత. గొలుసు కుట్టులో ప్రతి కుట్టూ ముందటి కుట్టు కడుపులోంచి పుడుతుంది. కంబళి అంచుకు వేసే కంబళి కుట్టు రెండు ముక్కల అంచులను పట్టి ఉంచుతుంది. ఒకదానిమీద ఒకటి అడ్డంగా దాటుతూ పోయే హెరింగ్‌బోన్ కుట్టు వెడల్పుగా ఉండి వంకర అతుకును కప్పేస్తుంది. కొమ్మలు చీలినట్టుండే ఫెదర్ కుట్టు పాత అమెరికా బొంతల్లో విరివిగా కనబడుతుంది. అంగడిలో దొరికే ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులుంటాయి. రెండు మూడు పోగులు విడదీసి, మోచేతికి మించని పొడవున వాడితే చిక్కుపడదు.

'తీరిక పని' అన్న మాటను మాత్రం జాగ్రత్తగా వాడాలి. నరసాపురం పరిసరాల్లో స్త్రీలు అల్లే లేసుకు పంతొమ్మిదో శతాబ్దపు క్రైస్తవ మిషనరీల కాలం నుంచి చరిత్ర ఉంది. 1982లో వెలువడిన తన గ్రంథంలో మరియా మీస్ ఆ స్త్రీల పరిస్థితిని వివరించింది. విదేశాలకు ఎగుమతి అయ్యే సరుకును రోజంతా తయారుచేస్తున్నా, వారిని ఇంట్లో తీరికవేళ గడుపుకొనే గృహిణులుగా లెక్కగట్టడం వల్లనే అతి తక్కువ కూలితో సరిపెట్టడం సాధ్యమైందని ఆమె వాదం. అందుచేత ఒక భేదం గుర్తుంచుకోవాలి. తనకోసం, తన ఇష్టం వచ్చిన వేళ, తన ఇష్టం వచ్చిన రంగుతో కుట్టేది వ్యాసంగం. ఇంకొకరు నమూనా ఇచ్చి, గడువు పెట్టి కుట్టించేది శ్రమ. దానికి తగిన కూలి ఉండి తీరాలి.

ఈ రెండింటికీ మధ్య దారి చూపిన ఉదాహరణ డెంకణికోటకు ఒకప్పటి సొంత జిల్లా అయిన ధర్మపురిలోనే ఉంది. సిత్తిలింగి లోయలోని లంబాడీ తండాల్లో అద్దాలూ రంగుదారాలూ గల సంప్రదాయపు కుట్టు దాదాపు మరుగున పడింది. కొద్దిమంది పెద్దవాళ్ళకే అది గుర్తుండేది. ఈ శతాబ్దం మొదటి దశకంలో, ఆ ప్రాంతంలో ఆసుపత్రి నడుపుతున్న డాక్టర్ లలితా రెజీ ప్రోత్సాహంతో, చిన్నవాళ్ళు ఆ పెద్దవాళ్ళ వద్ద కుట్టు నేర్చుకొన్నారు. 'పోర్గై' పేరుతో సంఘంగా ఏర్పడి తమ పనిని తామే అమ్ముకొంటున్నారు. లంబాడీ భాషలో ఆ మాటకు గర్వం అని అర్థం. ఒక విద్య పోవడానికి ఒక్క తరం చాలు. ఇద్దరు ముగ్గురు మిగిలి ఉండగానే అడిగి నేర్చుకొంటే దాన్ని నిలుపుకోవచ్చు కూడా.

మాటల సంగతి కూడా అంతే. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం 1962లోనూ, చేనేత సంపుటం 1971లోనూ వెలువడ్డాయి. పని చేసేవారి దగ్గరకు వెళ్ళి, వారి నోటి మాటను ప్రాంతాలవారీగా నమోదు చేసిన గొప్ప కృషి అది. అయితే ఆ సర్వే ఆంధ్రప్రదేశ్ జిల్లాలకు సంబంధించినది. హోసూరు, డెంకణికోటల తెలుగు దాని పరిధిలోకి రాలేదు. పైగా తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం తమిళం ఒకటో తరగతి నుంచి ఏటేటా తప్పనిసరి పాఠ్యభాష అవుతూ వచ్చింది. 2015–16 నాటికి అది పదో తరగతికి చేరింది. తెలుగులో చదువుకొన్న పిల్లల పరీక్షల సమస్య న్యాయస్థానం దాకా వెళ్ళింది. బడిలో తెలుగు ఇరుకున పడిన చోట, ఇంటి పనిలోని తెలుగును పట్టించుకోవలసిన అవసరం మరీ ఎక్కువ.

కాబట్టి సెలవుల్లో ఇంటికి వెళ్ళే విద్యార్థులకు మా సూచన ఇది. అమ్మమ్మనో నాయనమ్మనో ప్రక్కన కూర్చోబెట్టుకొని ఒక పలక కుట్టండి. కుడుతూ అడగండి. పెద్దసూదిని ఏమంటారు? వేలికి తొడుక్కొనే తొడుగు పేరేమిటి? చిన్న పేలికకూ పెద్ద ముక్కకూ వేరే మాటలున్నాయా? కుట్టు వదులైతే ఏమంటారు, బిగుసుకొని బట్ట ముడతపడితే ఏమంటారు? దారం కొసన ముడి వేయడాన్ని, కుట్టు విప్పడాన్ని, బొంత అంచు మడవడాన్ని ఎలా చెబుతారు? అదే పనికి ప్రక్కింటి కన్నడ, తమిళ కుటుంబాలవారు వాడే మాటలేవి? వచ్చిన జవాబును సవరించకుండా, విన్నది విన్నట్టే, ఊరి పేరుతోనూ చెప్పినవారి వయస్సుతోనూ సహా వ్రాసుకోండి. ప్రశ్నపత్రం చేతబట్టుకొని ఎదుట కూర్చుంటే రాని మాటలు చేతిలో సూది ఉన్నప్పుడు వాటంతట అవే వస్తాయి.

పలక పూర్తయ్యాక ఒక మూల ఆ మాటల్లో ఒకదాన్ని తెలుగు లిపిలో కుట్టవచ్చు. మన అక్షరాల్లో గుండ్రని వంపులే ఎక్కువ కనుక కాడకుట్టు గానీ గొలుసు కుట్టు గానీ వాటికి బాగా అమరుతుంది. ముందు పెన్సిలుతో పలుచగా వ్రాసుకొని, వంపుల దగ్గర కుట్టును చిన్నది చేస్తే సరి. క్రింద కుట్టినవారి పేరు, సంవత్సరం కూడా వేయండి. పాత బొంతల్లో చాలావాటిని ఎవరు కుట్టారో చెప్పే గుర్తు వాటిమీద లేదు.