పదిహేనేళ్ల లోపు బాలలకు పురావస్తు ప్రదర్శనశాలల్లో ఉచిత ప్రవేశం

భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ ఆధీనంలోని స్థల ప్రదర్శనశాలల్లో 15 సంవత్సరాల లోపు బాలబాలికలకు ప్రవేశ రుసుము లేదు. పెద్దలు నామమాత్రపు రుసుము చెల్లించవలసి ఉంటుంది. కావున పరిమిత ఆదాయం గల కుటుంబాలకు ప్రధాన వ్యయం ప్రయాణమే.

నాగార్జునకొండ ప్రదర్శనశాల జలాశయం మధ్యనున్న ద్వీపంపై ఉన్నందున, బస్సు ఛార్జీకి తోడు లాంచీ ఛార్జీ కూడా భరించవలసి ఉంటుంది. గుంటూరు, విజయవాడ ప్రాంతాల కుటుంబాలు అమరావతికి బస్సులో వెళ్లి, మహాచైత్యపు శిల్ప ఫలకాలను, సమీపంలోని స్తూప అవశేషాలను ఒకే రోజున సందర్శించి తిరిగి రావచ్చు. ఈ రెండు ప్రదర్శనశాలలకూ శుక్రవారం సెలవు. పండుగ సెలవు శుక్రవారం వచ్చినప్పుడు ఈ విషయాన్ని గమనించకుంటే ప్రయాణ వ్యయం వృథా కాగలదు. పిల్లల వయస్సు తెలిపే గుర్తింపు పత్రం వెంట ఉంచుకొనుట మంచిది.